చుక్కల గీత

విజయవాడ వన్ టౌన్‌లో మేం ఒకప్పుడు కాపురమున్న ఇల్లు ఇప్పుడు స్టీలు సామాన్ల కొట్టు. దాని యజమాని కుర్రవాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, "అమ్మా, ముందు గదిలో ర్యాకులు తీయిస్తే గోడ మీద పెద్ద చెట్టు బొమ్మ బయటపడిందండి. కొమ్మల నిండా పేర్లే. సోమవారం పెయింటర్లొస్తున్నారు. మీ నాన్నగారు వేసిందని ఎదురింటాయన చెప్పారు. ఓసారి వచ్చి చూసుకుంటారేమోనని..." అన్నాడు. తను కొనుక్కున్న గోడకి తను రంగు వేసుకోవడానికి నన్నడగాల్సిన పని లేదు. అయినా అడిగాడు. ఈ రోజుల్లో మర్యాద ఎక్కడ మిగిలిందో చెప్పలేం, ఒక్కోసారి గిన్నెల కొట్లో దొరుకుతుంది. ఆటో ఎక్కి వెళ్ళాను.

ఆ వీధిలో అప్పుడూ ఇప్పుడూ మనిషి నడవడానికి చోటు లేదు. అప్పుడు తోపుడు బళ్ళు అడ్డం, ఇప్పుడు ఆటోలు అడ్డం. మా ఇంటి రెండు పక్కలా ఎండుమిరపకాయల గోడౌన్లుండేవి. మేము ఆ ఘాటులోనే బతికాం కనుక మాకు తెలిసేది కాదు గానీ, వచ్చిన చుట్టాలు గడపలో తుమ్మడం మొదలుపెట్టి, భోజనాల దగ్గర కళ్ళు తుడుచుకుని, సాయంత్రానికల్లా ఏదో పని గుర్తొచ్చి రైలెక్కేవాళ్ళు. "ఊరికే పోదమ్మా ఏదీ, ఆ ఘాటు వల్లే మన బియ్యం మనకి మిగులుతున్నాయి" అనేది అమ్మ. ఇంట్లోకి వస్తే మాత్రం వేరే వాసన. ఒక మూల టర్పెంటైను, వార్నిషు, ఇంకో మూల అమ్మ వేయిస్తున్న కాఫీ గింజలు. మా ఇంట్లో కాఫీకి కొంచెం వార్నిషు రుచి ఉండేదని పెళ్ళయ్యాక వేరే ఇంట కాఫీ తాగినప్పుడు తెలిసింది. నాకు ఆ కాఫీ నచ్చలేదు.

నాన్న హైస్కూల్లో డ్రాయింగు మేష్టారు. అది జీతం కోసం. అసలు పని వంశాలు. కృష్ణా జిల్లాలో ఎవరికి ముత్తాత పేరు కావాలన్నా, ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ ఊరు వదిలి ఏ ఊరు చేరారో తెలియాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. పొద్దున్నే నాన్న స్నానం చేసి వచ్చేసరికి అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. ఒకాయనకి తద్దినంలో చెప్పడానికి నాయనమ్మ అత్తగారి పేరు కావాలి. ఇంకొకాయనకి ఊళ్ళో మాటొచ్చి, తనదే పెద్ద శాఖ అని తేల్చాలి. పుష్కరాలొస్తే ఇక మా వీధిలో క్యూ. కృష్ణలో మునిగి పిండం పెట్టబోయేముందు మూడు తరాల పేర్లు అడుగుతారు కదా, అప్పుడు గుర్తొస్తుంది జనానికి, తమకు పూర్వీకులున్నారని. నాన్న ఎవరినీ విసుక్కునేవారు కాదు. కళ్ళు మూసుకుని, గోత్రంతో మొదలుపెట్టి, మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క పేరే చెప్పేవారు. "మీ నాన్న పక్కింటి పిల్లి గోత్రం కూడా చెబుతారు, మనింట్లో పంచదార డబ్బా ఎక్కడుందో మాత్రం తెలీదు" అనేది అమ్మ, కాఫీలు కలుపుతూ. మా ఇంటిపేరు ఇక్కడ నేను రాయడం లేదు. రాస్తే ఈ జిల్లా వాళ్ళెవరో ఒకరు తాము మాకేమవుతారో చెప్పడానికి ఫోన్ చేస్తారు.

వంశాలు ఒక కన్నయితే, నాన్నకి రెండో కన్ను లాంఛనాలు. లాంఛనమంటే వంశానికి గుర్తు. రాజులకు వరాహమనీ, నంది అనీ ఉండేవి, జెండాల మీదా శాసనాల మీదా వేసుకునేవాళ్ళు. జమీందార్లు ఆ సరదా కోట గుమ్మాల మీద తీర్చుకున్నారు. నాన్న సిద్ధాంతం ఏమిటంటే, లాంఛనం రాజుకే కాదు, ప్రతి ఇంటికీ ఉంది, కాకపోతే మామూలువాళ్ళకి కోట గుమ్మం లేదు కనుక పళ్ళేల వెనక ఉంటుంది. పెళ్ళిళ్ళకీ పంపకాలకీ గిన్నెలు కలిసిపోకుండా ప్రతి ఇంటివాళ్ళూ ఇత్తడి సామాన్ల అడుగున సుత్తితో చిన్న గుర్తు కొట్టించుకునేవాళ్ళట. చేప, నాగలి, మూడు గింజలు, ఏదో ఒకటి. ఆ గుర్తు చూసి ఆ గిన్నె ఏ ఇంట పుట్టిందో నాన్న చెప్పగలరు. చల్లపల్లి వెళ్ళి కోట చూడకుండా పక్క వీధిలో ఎవరిదో గంగాళం చూసి వచ్చిన మనిషి ఆయనొక్కరే. దీంతో మాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఎవరింటికి భోజనానికి పిలిచినా నాన్న వడ్డించేముందు పళ్ళెం తిరగేసి చూసేవారు. కొందరు అదేదో ఆచారం అనుకుని తామూ తిరగేసేవాళ్ళు. చాలామంది మాత్రం పళ్ళెం కడగలేదని అనుమానిస్తున్నారనుకుని నొచ్చుకునేవాళ్ళు. మమ్మల్ని పిలిచే ఇళ్ళు క్రమంగా తగ్గాయి.

ఆ రోజుల్లో డబ్బు చేసినవాళ్ళు కొత్తగా లాంఛనాలు వేయించుకునేవాళ్ళు. ఒక రైసుమిల్లాయన బస్తాల మీద అచ్చువేయడానికి సింహం కావాలని వచ్చాడు. "మీ తాతగారు ఏం చేసేవారండీ?" అన్నారు నాన్న. "బండి తోలేవాడండి. ఎడ్లబండి." "అయితే చక్రం వేస్తాను." "చక్రమేంటండీ మేష్టారూ, సింహం కావాలండి." "సింహం బండి లాగదండీ" అన్నారు నాన్న, ఏమాత్రం నవ్వకుండా. ఆయన లేచి వెళ్ళి ఎవరో సైన్‌బోర్డు పెయింటర్ చేత రెండు సింహాలు వేయించుకున్నాడు. నాన్న చెట్టులో గానీ, గుర్తులో గానీ అబద్ధం వేయరు. మాకు రావలసిన పనుల్లో సగం అందుకే పోయేవి. అమ్మ అప్పుడప్పుడూ, "ఒక్క సింహం వేస్తే ఏం పోయింది?" అనేది. నాన్న బ్రష్షు కడుక్కునేవారు.

ముందు గదిలో గోడ మీద మా సొంత చెట్టు ఉండేది. కింద మూలపురుషుడు, పైకి కొమ్మలు, కొమ్మకో పేరు. నాన్నే వేశారు. ఏటా దసరాకి ఇంటికంతా సున్నం కొట్టేవాళ్ళు, ఆ గోడని మాత్రం తాకనిచ్చేవారు కాదు. చెట్టు చివరి రెమ్మ మీద నాన్న పేరు, ఆ పైన ఖాళీ గోడ. నేను ఒక్కతే పిల్లని. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన రోజుల్లో ఆ ఖాళీ చూపించి, "నేనేదీ?" అన్నాను. "ఆడపిల్లల్ని రాయరమ్మా. పెళ్ళయ్యాక నువ్వు వాళ్ళ గోడ మీద ఉంటావు" అన్నారు. తర్వాత్తర్వాత నాన్న ఊరూరా వేసిన చెట్లన్నీ చూశాను. కోడళ్ళ పేర్లు వాటిల్లోనూ లేవు. అంటే ఆడది ఈ గోడ దిగి ఆ గోడ ఎక్కేలోపల ఎక్కడో దారిలో పడిపోతోంది. ఆ మాటే నాన్నతో అంటే, "నియమం" అన్నారు. నియమమంటే అంతే. అయితే ఇంకో నియమం కూడా ఉండేది. దత్తత పోయినవాణ్ణి మాత్రం తప్పకుండా రాయాలి. పుట్టిన చెట్టులో అతని పేరు రాసి, అక్కణ్ణించి చుక్కల గీత బయటికి లాగాలి. లేకపోతే రాబోయే తరాల్లో తెలియక పెళ్ళిళ్ళు కలిసిపోతాయి. దత్తత పోయినా పుట్టిన గోత్రం వదలదు, ఆ గోత్రంలో పిల్లని చేసుకోకూడదు. ఈ వాక్యం నేను ఎక్కాలకంటే ముందు నేర్చుకున్నాను.

రామ్మోహన్ మా ఇంటికి రావడం ఒక గుర్తు కోసమే వచ్చాడు. వన్ టౌన్‌లోనే ఒక చిన్న కో-ఆపరేటివ్ బ్యాంకులో గుమాస్తా. బ్యాంకు బోర్డు మీదకి బొమ్మ గీయించుకు రమ్మని పంపారు. వరికంకి గీయడానికి పూట చాలు. నాన్న దానికి ముందు కంకి ఏయే వంశాలకు లాంఛనమో చెప్పాలన్నారు. జనం మామూలుగా ఈ ఘట్టంలో గడియారం చూసుకుంటారు. ఇతను కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. నాన్న చెప్పింది విని, సందేహాలడిగి, చివర్లో, "కొంచెం మజ్జిగుంటే ఇప్పిస్తారా అండీ" అన్నాడు. మజ్జిగ నేనే ఇచ్చేదాన్ని. బొమ్మ అయిపోయాక కూడా మజ్జిగ కోసం వస్తున్నాడని అమ్మ కనిపెట్టింది. నాకు ఆ మనిషి నచ్చాడు. నాన్న మాటలు చివరిదాకా విన్న మనిషి నా మాటలు కూడా వింటాడనిపించింది. ఆ లెక్క తప్పు కాలేదు. వాళ్ళది చల్లపల్లి, భారద్వాజ గోత్రం. మాది కౌండిన్యస. ఏ అభ్యంతరమూ లేదు. తాంబూలాలు పుచ్చుకోవడానికి మంచిరోజు చూశారు.

తాంబూలాలనాడు వాళ్ళు పెద్ద ఇత్తడి పళ్ళెంలో అరటిపళ్ళు, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు సర్ది తెచ్చారు. రామ్మోహన్ వాళ్ళ నాన్నగారు పళ్ళెం అందించారు. నాన్న రెండు చేతులా పట్టుకున్నారు. పట్టుకున్నవారు వేళ్ళతో అడుగున తడిమారు. "ఏవండీ" అని అమ్మ హెచ్చరించేలోపల నాన్న పళ్ళెం తిరగేశారు. అరటిపళ్ళు పురోహితుడి ఒళ్ళో పడ్డాయి, కొబ్బరికాయ దొర్లుకుంటూ గడప దాకా వెళ్ళి ఆగింది.

"ఈ పళ్ళెం మీకెక్కడిదండీ?" అన్నారు నాన్న.

"మా నాన్నగారు చిన్నప్పుడు వస్తూ తెచ్చుకున్నదండీ" అన్నారాయన, కుంకుమ దులుపుకుంటూ.

"ఎక్కణ్ణించి వస్తూ?"

"దత్తతకండీ. ఆయన మా ఇంటికి దత్తత వచ్చారు కదా. చిన్నప్పుడేలెండి."

నాన్న పళ్ళన్నీ ఏరి మళ్ళీ పళ్ళెంలో పెట్టి తాంబూలం పుచ్చుకున్నారు. ఆ పూట భోజనంలో పులిహోర రెండోసారి అడగలేదు. అమ్మ అప్పుడే అంది, "కొంప మునిగింది" అని.

కొంప మునిగిందో లేదో నాన్న కొన్నాళ్ళ దాకా చెప్పలేదు. స్కూలుకెళ్ళి వచ్చి, చెట్టు ముందు కుర్చీ వేసుకుని ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. చివరికి అమ్మ పట్టుబడితే చెప్పారు. పళ్ళెం అడుగున శంఖం, దాని పక్కన రెండు చుక్కలు. అది దివిసీమలో ఒకే ఒక్క ఇంటివాళ్ళ గుర్తు. వాళ్ళు కౌండిన్యసులు. అంటే రామ్మోహన్ తాతగారు పుట్టింది మా గోత్రంలో. పుట్టిన గోత్రం వదలదు కనుక అతనూ నేనూ ఒకే గోత్రం వాళ్ళం. పెళ్ళి కూడదు. అమ్మ చేతిలో అట్లకాడ ఉంది. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ వంశాలు తవ్వారు, ఇప్పుడు మన పిల్లకే గొయ్యి తవ్వారు. మీకసలు ఆ పళ్ళెం ఎవరు తిరగెయ్యమన్నారండీ?" అంది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, చేసుకుంటే అతన్నే చేసుకుంటాననీ, లేకపోతే ఆ గోడ కింద ఇలాగే కూర్చుంటాననీ చెప్పాను. అంత మాట నాన్న ఎదుట నేను అంతకుముందు అనలేదు. ఆయన నన్ను చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

చల్లపల్లి నుంచి రామ్మోహన్ వాళ్ళ నాన్నగారు పరుగున వచ్చారు. "మేష్టారూ, ఎప్పుడో తాతలనాటి మాట. దివిసీమలో ఆ ఇల్లే ఇప్పుడు లేదు. మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసండీ?" అన్నారు. నాన్న, "నాకు తెలుసు కదండీ" అన్నారు. ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

అప్పుడు రంగంలోకి వచ్చింది మా సూరిబాబు మామయ్య, అమ్మ తమ్ముడు. హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన లారీ టైర్ల కొట్టు. పిల్లల్లేరు. నాన్నకి ఈ ప్రపంచంలో పడని మనిషెవరైనా ఉంటే అతనే. కారణం పెద్దదేం కాదు. మామయ్యకి తన తాత పేరు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. "టైరు ఏ కంపెనీదో తెలిస్తే చాలు బావా, రబ్బరు ఏ చెట్టుదో ఎవడికి కావాలి?" అన్నాడట ఒకసారి. ఆ మాట నాన్న ఎన్నేళ్ళకీ మరిచిపోలేదు. ఆ మామయ్య వచ్చి, విషయమంతా విని, తాపీగా, "దీనికింత గోలెందుకు బావా? మా జంక్షన్‌లో ఒకాయన ఇలాగే చేశాడు. పిల్లని నాకు దత్తతిచ్చెయ్. నా గోత్రమైపోతుంది. కన్యాదానం నేనూ మీ చెల్లెలూ చేస్తాం" అన్నాడు.

"నీ గోత్రమేమిటి?" అన్నారు నాన్న.

మామయ్య అమ్మ వైపు తిరిగి, "ఏంటక్కా మనది?" అన్నాడు.

"శ్రీవత్సస రా, ఖర్మ" అంది అమ్మ.

నాన్న ఇంక మామయ్యని కడిగేస్తారనుకుని నేను తల వంచుకున్నాను. నాన్న ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పడానికి వారం తీసుకునే మనిషి. ఆ రోజు గోడ వైపు ఒకసారి చూసి, "సరే" అన్నారు. అమ్మ అట్లకాడ కింద పెట్టేసింది.

దత్తహోమం చేశారు. నాన్న నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి మామయ్య పక్కన కూర్చోబెట్టి, లేచి ఇవతలికి వచ్చేశారు. పెళ్ళి వన్ టౌన్‌లోనే ఒక సత్రంలో జరిగింది. కన్యాదాతలు మామయ్యా అత్తయ్యా కనుక నాన్నకి పీటల మీద చోటు లేదు. బ్యాంకు వాళ్ళతో పాటు మడతకుర్చీల్లో కూర్చున్నారు. పురోహితుడు ప్రవర మొదలుపెట్టాడు. ఎవరి మునిమనవరాలిని, ఎవరి మనవరాలిని, ఎవరి కూతురిని ఇస్తున్నారో మూడు పేర్లూ పైకి చెప్పాలి. "బాబూ, మీ తాతగారి పేరు?" అన్నాడు పురోహితుడు. మామయ్య నీళ్ళు నమిలాడు. అత్తయ్య వైపు చూశాడు. సన్నాయి ఆగిపోయింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"వేంకట నరసింహశర్మ" అని వెనక కుర్చీల్లోంచి వినిపించింది. నాన్న లేచి నుంచున్నారు. "వేంకట నరసింహశర్మ మునిమనవరాలు, సుబ్రహ్మణ్యశర్మ మనవరాలు, సూర్యనారాయణశర్మ కూతురు. కానివ్వండి." ప్రవర మూడుసార్లు చదవాలి. మూడుసార్లూ నాన్న నిలబడే ఉన్నారు, పురోహితుడు ఎక్కడా తడబడకుండా పేర్లందిస్తూ. మూడుసార్లూ నేను ఇంకొకరి కూతురినని ఆయన గొంతుతోనే విన్నాను. తర్వాత భోజనాలకి కూర్చుని, పక్కనున్న బ్యాంకు మేనేజరుతో, "అరిటాకులతో ఇదొకటుందండీ, కింద ఏమీ ఉండదు" అన్నారట.

పెళ్ళయిన వారానికి మేమిద్దరం చల్లపల్లి నుంచి మా ఇంటికి వచ్చేసరికి నాన్న స్టూలెక్కి గోడ మీద పని చేస్తున్నారు. తన పేరు పైనున్న ఖాళీలో 'కామాక్షి' అని రాశారు. నా పేరే. కొత్త రంగు ఇంకా ఆరలేదు. అక్కణ్ణించి చుక్కల గీత ఒకటి బయల్దేరి, కొమ్మలన్నీ దాటుకుని తలుపు చట్రం దాకా వెళ్ళింది. పక్కన చిన్న అక్షరాలతో 'దత్తత'. ఇన్ని తరాల్లో ఆ చెట్టు మీద ఆడపేరు అదొక్కటే.

"నన్ను రాశారే?" అన్నాను.

"దత్తత పోయినవాళ్ళని రాయాలి. నియమం" అన్నారు, వెనక్కి తిరగకుండానే.

రామ్మోహన్ చాలాసేపు చెట్టు చూసి, చేతులు కట్టుకుని వినయంగా, "మామయ్యగారూ, ఒక సందేహమండీ. దత్తత పోయినా పుట్టిన గోత్రం వదలదనే కదా మా తాతగారి విషయంలో మీ అభ్యంతరం? మరి ఈవిడకీ వదలదు కదండీ? అంటే ఆ హోమం వల్ల గోత్రం చిక్కు తీరలేదు కదండీ. అలాంటప్పుడు దత్తత ఇచ్చి ప్రయోజనమేమిటండీ?" అన్నాడు.

గదిలో టర్పెంటైను వాసన. నాన్న బ్రష్షు చుక్క మీద ఆగింది.

"నువ్వు బ్యాంకులో ఏ సెక్షనూ?"

"వడ్డీలండి. లెక్క సరిచూడ్డం."

"అందుకే" అన్నారు నాన్న. ఆ చుక్క పూర్తి చేసి, "ఆ సన్న బ్రష్షు ఇలా అందుకో" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. రామ్మోహన్‌కి తట్టింది నాన్నకి ముందే తట్టకుండా ఎలా ఉంటుంది? ఎక్కాలకంటే ముందు నాకు నేర్పిన వాక్యమది. ఆ 'సరే' అన్న రోజునే ఆయనకి తెలుసు, దత్తత ఇచ్చినా ఈ పెళ్ళికి శాస్త్రం ఒప్పుకోదని. దత్తతతో నా పేరుకి ఒప్పుకునేది గోడ ఒక్కటే. అమ్మ కాఫీ గింజలు వేయిస్తూ, "ఊరందరికీ ఒక్క సింహం వెయ్యలేదే మీ నాన్న. నీకు వేశారు" అంది.

నాన్న పోయారు, అమ్మ పోయింది, ఇల్లు చేతులు మారింది, రామ్మోహన్ కూడా వెళ్ళిపోయారు. ఇప్పుడు వంశవృక్షం ఫోన్లోనే గీసుకోవచ్చు. మా మనవరాలు నన్ను అర నిమిషంలో ఎక్కించింది. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకే గడి, గోత్రం అడగనే అడగదు. మంచిదే, నాకేం పేచీ లేదు. కాకపోతే నన్ను అందులో ఎక్కించడానికి ఎవరూ తన నియమం తప్పలేదు, ఎవరూ మడతకుర్చీల్లోంచి లేచి నిలబడలేదు. అంత సులువుగా ఎక్కినందుకేమో, ఆ గడిలో నా పేరు చూస్తే రేషను కార్డు చూసినట్టే ఉంటుంది.

కొట్టు కుర్రాడు గోడ చూపించాడు. ర్యాకుల తుప్పు మరకలు పోను చెట్టు బాగానే ఉంది. "ఇందులో ఒక్కరే ఆడవాళ్ళున్నారండీ. ఎవరండీ?" అన్నాడు. "దత్తత పోయిన పిల్ల" అన్నాను. "అయ్యో పాపం" అన్నాడు. ఫోటో తీస్తే నీడ పడి నల్లగా వచ్చింది. ఆ గోడ ఉంచమంటారా, దాని మీదకి ర్యాకు జరుపుతానని తనే అన్నాడు. వద్దు, సుబ్బరంగా రంగు వేయించుకోమన్నాను. గోడ అతనిది.

వస్తూ వస్తూ ఒక స్టీలు పళ్ళెం కొన్నాను. పేరు కొట్టే మిషను తీసి, "పేరేం వెయ్యమంటారండీ?" అన్నాడు. మా పుట్టింటి సామాన్ల వెనక ఏ గుర్తూ ఉండేది కాదు. అందరి లాంఛనాలూ తెలిసిన మనిషికి తన సొంతది దొరకలేదు, ఆ దిగులు నాన్నకి చివరిదాకా ఉండేది. "పేరొద్దు బాబూ. వెనకవైపు చుక్కల గీత ఒకటి వెయ్యి. అడ్డంగా, అంచు దాకా" అన్నాను. వాడు వేసి, తుడిచి ఇచ్చాడు. ఎంతివ్వాలంటే, "అక్షరాలకేనండీ డబ్బులు, చుక్కలకి తీసుకోం" అన్నాడు.

ఆ పళ్ళెం ఇప్పుడు ఇంట్లో ఉంది. భోజనానికి ఎవరొచ్చినా అందులోనే పెడుతున్నాను. తిరగేసి చూస్తారేమోనని వడ్డించేముందు కాసేపు ఆగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ చూడలేదు.